సోలోలో క్రాస్‌విండ్ (అడ్డగాలి) ల్యాండింగ్, విమానం రన్‌వే పక్కకి పోయింది. తప్పు ఎక్కడ మొదలైనట్టు?

కుడిరెక్క అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. స్టూడెంట్ పైలట్‌ని, సోలో సర్క్యూట్లు (ఒంటరిగా ఎగిరి, చుట్టు తిరిగొచ్చి మళ్లీ దిగడం) చేస్తున్నాను. మా బ్యాచ్‌మేట్ ఒకడు ఈ మధ్య సెస్నా 172లో సోలోకి వెళ్లి, ల్యాండింగ్‌లో రన్‌వే మీంచి పక్కన మట్టిలోకి దూసుకుపోయాడు. మనిషి క్షేమం, భుజం మీద బెల్టు ఒరుసుకున్న గీత తప్ప ఒంటి మీద దెబ్బ లేదు. విమానానికే గట్టిగా తగిలింది. ముక్కు చక్రం వెనక్కి మడుచుకుపోయింది, ప్రొపెల్లర్ బ్లేడ్లు రెండూ వంగాయి, ఎడమ రెక్క కొస నేలకి రాసుకుని పెయింట్ లేచిపోయింది.

ఆ టైముకి నేను ఆప్రాన్ (విమానాలు నిలిపే చోటు) మీదే ఉన్నాను, చాలావరకు కళ్లారా చూశాను. మిగతాది వాడు చెప్పింది, ఇంకొంత విమానంలోని ఎస్‌డీ కార్డు డేటా చూసినవాళ్లు చెప్పింది. రన్‌వే 27, అంటే 270 డిగ్రీల దిశ. బయల్దేరేటప్పుడు గాలి 300 డిగ్రీల నుంచి 10 నాట్లు. మొదటి సర్క్యూట్లు బాగానే చేశాడు. చివరిసారి ఫైనల్ మీద (రన్‌వేకి నేరుగా దిగుతూ) ఉండగా టవర్ 320 నుంచి 12, గస్ట్ (ఒక్కసారిగా వీచే గాలి) 22 అని చెప్పింది. వాడు సరేనని జవాబిచ్చి అలాగే వచ్చేశాడు. ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్కల వెనక దించే పలకలు) పూర్తిగా 30 డిగ్రీలు, థ్రెషోల్డ్ (రన్‌వే మొదలు) దగ్గర వేగం 78 నాట్లు. రెండు మూడు అడుగుల ఎత్తులో తేలుతూ తేలుతూ పోయింది, ఎంతకీ కూర్చోలేదు, ఆ తేలడంలోనే సెంటర్‌లైన్ నుంచి ఎడమకి జరుగుతూ ఉంది. ఒకసారి తగిలి ఎగిరింది. రెండోసారి వాడు యోక్ (చేత్తో పట్టుకునే కంట్రోల్) ముందుకి తోసి బలవంతాన కూర్చోబెట్టాడు. అంతే, ముక్కు ఒక్కసారిగా కుడికి తిరిగింది, ఎడమ రెక్క వంగి రాసుకుంది, కుడి అంచు దాటి మెత్తటి నేలలో ముక్కు దిగబడింది.

ఇక అప్పటినుంచి తలా ఒక మాట. పైలట్ ఎర్రర్ అని ఒకరు, గాలి సడన్‌గా మారింది వాడేం చేస్తాడు అని ఇంకొకరు. మాన్యువల్‌లో 172కి క్రాస్‌విండ్ 15 నాట్లు అని ఉంది కదా, గాలి 12 మాత్రమే కదా, మరి లిమిట్ లోపలే ఉన్నట్టు కాదా? ఎడమకి కొట్టుకుపోతున్న విమానం నేల తగలగానే కుడికి ఎందుకు తిరిగింది? ఇది నాకు అస్సలు అర్థం కాలేదు. క్రాబ్ చేసుకుంటూ (ముక్కు గాలి వైపుకి పెట్టి) రావాలా, రెక్క వంచి రావాలా అన్నదానికీ ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు రెండు రకాలుగా చెప్తున్నారు. నా తర్వాతి సోలో దగ్గర్లోనే ఉంది, నిజం చెప్పాలంటే టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.


గాలిసంచి:

ముందు ఆ 15 సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే స్టూడెంట్లలో సగం మంది దాన్ని తప్పుగానే అర్థం చేసుకుంటారు. మాన్యువల్‌లో ఉన్నది "డెమాన్‌స్ట్రేటెడ్" క్రాస్‌విండ్. అంటే టెస్ట్ పైలట్ ఆ గాలిలో దింపి చూపించాడు అని మాత్రమే. సర్టిఫికేషన్ కోసం కనీసం చూపించాల్సింది ల్యాండింగ్ ఫ్లాప్స్‌తో ఉండే స్టాల్ వేగంలో (రెక్కలు ఇక బరువు మోయలేని వేగం) అయిదో వంతు గాలి, కంపెనీ దానికన్నా ఎక్కువ చూపించి ఆ అంకె రాసుకుంది. 152కి 12, 172కి 15, పైపర్ వారియర్‌కి 17. విమానం అంతకు మించి తట్టుకోదని దాని అర్థం కాదు, అంతవరకు ఎవరైనా దింపేయొచ్చని అంతకన్నా కాదు. ఆ అంకె విమానానిది. స్టూడెంట్‌ది వేరే ఉంటుంది, అది ఇన్‌స్ట్రక్టర్ సోలోకి పంపేటప్పుడు రాసిచ్చేది.

ఇప్పుడు లెక్క. రన్‌వే 270, గాలి 320, మధ్య కోణం 50 డిగ్రీలు. బుర్రలో వేసుకోవడానికి గడియారం పద్ధతి ఉంది కదా: 15 డిగ్రీలైతే పావు వంతు, 30 అయితే సగం, 45 అయితే ముప్పావు, 60 దాటితే మొత్తం గాలీ అడ్డంగా ఉన్నట్టే లెక్క. 50కి ముప్పావు కంటే కొంచెం ఎక్కువ. కాబట్టి 12 నాట్ల గాలిలో అడ్డంగా తగిలేది 9 పైచిలుకు. గస్ట్ 22లో దాదాపు 17. పదిహేడు! మీరు చెప్పే 15 కూడా దాటిపోయింది. బయల్దేరినప్పుడు 300 నుంచి 10 అంటే కోణం 30, అడ్డంగా 5 మాత్రమే. అంటే గాలి వేగం పెద్దగా మారినట్టు వినపడకపోయినా అడ్డగాలి గస్ట్‌లో మూడింతలు దాటింది. కోణం 20 డిగ్రీలు తిరగడం, గస్ట్ తోడవడం, ఈ రెండూ కలిసి చేసిన పని ఇది. చెవికి "12" అని వినపడి వాడు కంగారు పడలేదేమో, ఆ పన్నెండే కొంప ముంచింది.

ఇంకో మాట. టవర్ చెప్పే గాలి రెండు నిమిషాల సగటు. మెటార్‌లో (ఎయిర్‌పోర్ట్ వాతావరణ రిపోర్టు) వచ్చేది పది నిమిషాల సగటు. అందులోనూ మెటార్‌లో దిశ ట్రూ నార్త్ (భూగోళం ఉత్తరం) ప్రకారం ఉంటుంది, టవర్ చెప్పేది మాగ్నెటిక్ (దిక్సూచి ఉత్తరం), రన్‌వే నంబరూ మాగ్నెటిక్కే. మెటార్ చూసి లెక్క వేసేవాళ్లు ఈ తేడా కలుపుకోవాలి. మీ విమానం ఫ్లేర్‌లో (నేల తాకేముందు ముక్కు ఎత్తి వేగం తగ్గించడం) ఉన్న ఆ నాలుగు సెకన్లలో గాలి ఎంతుందో ఏ సగటూ చెప్పదు. షార్ట్ ఫైనల్లో విండ్‌సాక్ (గాలి చూపించే గుడ్డసంచి) మీద ఒక చూపు పడాలి. అది ఒకసారి నిండుగా చాచుకుని మరుక్షణం సగం వాలిపోతుంటే గస్ట్ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

మీ స్కూల్లో సోలో లిమిట్ ఎంత? అది చెప్పకుండా "లిమిట్ లోపలే" అనడం కుదరదు.


కుడిరెక్క:

సోలోకి అడ్డగాలి 8 నాట్లు, గస్ట్ ఉంటే వెళ్లకూడదు. మీరు అడిగాకే తెలిసింది, వాడు గాల్లో ఉండగానే లిమిట్ దాటిపోయింది అని. కానీ గాల్లో ఉన్నవాడు ఏం చేయాలి? ఎక్కడో ఒకచోట దిగాలి కదా?


పాతరడ్డర్:

ఇన్‌స్ట్రక్టర్‌ని. లెక్క గాలిసంచి గారు చెప్పేశారు, నేను చక్రాలు తగిలిన తర్వాత సంగతి చెప్తాను, మీ ప్రశ్నలో అసలు విషయం అదే.

ఎడమకి కొట్టుకుపోయిన విమానం కుడికి ఎందుకు తిరిగింది? గాలి కుడివైపు నుంచి. ఫైనల్లో మీవాడు ముక్కు కొంచెం కుడికి పెట్టి క్రాబ్‌లో వచ్చి ఉంటాడు. 65 నాట్ల వేగంలో 9 నాట్ల అడ్డగాలికి ఎనిమిది డిగ్రీలంత ముక్కు పక్కకి పెట్టాలి, ఏరు దాటే పడవవాడు ఎగువకి ముక్కు పెట్టినట్టు. ఫ్లేర్‌లో ఎడమ రడ్డర్ (తోక మీది చుక్కాని, పెడళ్లతో కదిలేది) తొక్కి ముక్కుని రన్‌వేకి నేరుగా తెచ్చాడు, అక్కడిదాకా అందరూ చేస్తారు. కానీ ముక్కు నేరుగా వచ్చిన క్షణం నుంచి గాలికి అడ్డేమీ లేదు. కుడి ఎయిలెరాన్ (రెక్కని వంచే పలక, యోక్ తిప్పితే కదిలేది) వేసి కుడి రెక్క వంచి ఉంచితేనే విమానం ఆ పక్కకి జారుతూ గాలి నెట్టుడికి సరిపోతుంది. అది వేయకపోతేనో చాలకపోతేనో ఎడమకి కొట్టుకుపోవడం మొదలవుతుంది. పైగా 78 నాట్లతో వచ్చాడు కాబట్టి తేలుతూ ఉన్న సమయం ఎక్కువ, కొట్టుకుపోవడానికి కావలసినంత టైము. మామూలుగా రావాల్సిన 65కీ 78కీ తేడా 13 అంకెలే అనిపిస్తుంది కానీ శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది, దాదాపు నలభై శాతం పైనే ఎక్కువ మోసుకొచ్చాడు. గస్ట్‌కి వేగం కలపమని మేమే చెప్తాం, నిజమే, కానీ కలపాల్సింది గస్ట్ తేడాలో సగం. 22లోంచి 12 తీస్తే 10, అందులో సగం 5. అంటే 70. అంతకు మించి కలిపేది భయం, అది లెక్కలోకి రాదు.

సరే, ఎగిరింది. ఆ తర్వాత యోక్ ముందుకి తోశాడు అన్నారు చూశారా, అసలు దెబ్బ అక్కడ పడింది. మామూలుగా ట్రైసైకిల్ గేర్ (ముక్కు కింద ఒక చక్రం, వెనక రెండు మెయిన్ చక్రాలు) విమానంలో బరువు కేంద్రం మెయిన్ చక్రాలకి ముందు ఉంటుంది, కాబట్టి కొంచెం వంకరగా కూర్చున్నా మెయిన్ చక్రాల రాపిడే విమానాన్ని వెళ్తున్న దారికి సర్దుతుంది. కానీ వేగం ఇంకా ఎక్కువ ఉండి, రెక్కలు ఇంకా బరువు మోస్తూ ఉండి, ముక్కు నొక్కితే బరువంతా ముక్కు చక్రం మీద పడుతుంది, మెయిన్ చక్రాలు ఆనీ ఆనకుండా ఉంటాయి. దీన్నే వీల్‌బారోయింగ్ అంటారు. అప్పుడు రాపిడి బరువు కేంద్రానికి ముందు పనిచేస్తుంది. విమానం ఎడమకి జారుతోంది, ముక్కు చక్రం నేలని పట్టుకుంది, ఆ పట్టు ముక్కుని కుడికి లాగుతుంది, వెనక భాగం ఎడమకి పోతూనే ఉంటుంది. దానికి తోడు తోక మీద కుడి గాలి, అది ఎప్పుడూ ముక్కుని గాలి వైపుకే తిప్పుతుంది. రెండూ ఒకే వైపు. అంత వేగంలో కుడికి గిరుక్కున తిరిగితే విమానం ఎడమకి వాలుతుంది, గాలి కుడి రెక్క కింద దూరి ఇంకా లేపుతుంది. ఎడమ రెక్క కొస రాసుకోకుండా ఎలా ఉంటుంది.

నేల తగిలాక యోక్ ఎక్కడ ఉందో మీవాడిని అడగండి. నా అనుమానం, మధ్యలో ఉండి ఉంటుంది. స్టూడెంట్లలో నేను పదే పదే చూసేది ఇదే: చక్రాలు తగలగానే "హమ్మయ్య దిగేశాం" అని చేతులూ కాళ్లూ ఒక్కసారి వదులవుతాయి, యోక్ మధ్యకి వచ్చేస్తుంది, రడ్డర్ మీద ఒత్తిడి పోతుంది. చేయాల్సింది సరిగ్గా తిరగేసి. వేగం సగానికి పడితే ఎయిలెరాన్ పని నాలుగో వంతుకి పడిపోతుంది, గాలి మాత్రం అంతే ఉంటుంది. కాబట్టి వేగం తగ్గే కొద్దీ యోక్‌ని గాలి వైపుకి ఇంకా ఇంకా తిప్పుతూ పోవాలి, టాక్సీ వేగానికి వచ్చేసరికి పూర్తిగా చివరిదాకా తిరిగి ఉండాలి. నేనైతే విమానం ఆగేదాకా స్టూడెంట్ చేతి వైపే చూస్తూ ఉంటాను.

క్రాబా రెక్క వంచడమా అన్నదానికి నా జవాబు, ఫైనల్ అంతా క్రాబ్‌లో హాయిగా రండి, ఫ్లేర్‌కి కొంచెం ముందు నుంచే రెక్క వంచి ఎదురు రడ్డర్ పెట్టండి. చివరి క్షణంలో తన్ని సరిచేసే పద్ధతికి టైమింగ్ కుదరాలి, కొత్తవాళ్లకి కుదరదు. రెక్క ముందుగా వంచితే గాలి మీ సామర్థ్యం దాటిందో లేదో నేల తగలకముందే తెలిసిపోతుంది: రడ్డర్ చివరిదాకా తొక్కినా ముక్కు నేరుగా రావడం లేదంటే, ఆ రన్‌వే ఆ రోజుకి మీది కాదు. ఫ్లాప్స్ విషయంలో 172 మాన్యువల్ చెప్పేదే చేయండి, రన్‌వే పొడవుకి ఎంత అవసరమో అంతే, పొడవైన రన్‌వే మీద అంత గాలిలో 30 ఎందుకు?


మూడోచక్రం:

టెయిల్‌వీల్ విమానాలు (మూడో చక్రం తోక కింద ఉండేవి) నడిపేవాణ్ణి, కాబట్టి నా మాట కొంచెం పొగరుగా ఉంటుంది, పట్టించుకోకండి. ముక్కు చక్రం ఉన్న విమానాలు పాదాలని సోమరిగా చేస్తాయి. మా వాటిల్లో బరువు కేంద్రం మెయిన్ చక్రాల వెనక ఉంటుంది, అంటే పాతరడ్డర్ గారు చెప్పిన ఆ వీల్‌బారో పరిస్థితి మాకు ప్రతి ల్యాండింగ్‌లోనూ ఉన్నట్టే, తోక పక్కకి జరగడం మొదలయ్యిందంటే దానంతట అది ఆగదు. అందుకే ఆగి ఇంజిన్ కట్టేసేదాకా మా కాళ్లు పెడళ్ల మీద ఆడుతూనే ఉంటాయి. వీలుంటే ఇన్‌స్ట్రక్టర్‌తో కొన్ని గంటలు టెయిల్‌వీల్ చేయండి, 172 క్రాస్‌విండ్ తర్వాత ఆటలా ఉంటుంది.

ఒక విషయం మాత్రం గుర్తు పెట్టుకోండి. ఒక విమానంలో నేర్చుకున్న అలవాటు ఇంకోదాంట్లోకి అలాగే పట్టుకెళ్లకండి. సెస్నాలో పెడళ్లకీ ముక్కు చక్రానికీ మధ్య స్ప్రింగ్ ఉంటుంది, కొంచెం మన్నిస్తుంది. పైపర్ పీఏ-28లో నేరుగా కడ్డీలతో కలిపి ఉంటుంది, రడ్డర్ తొక్కి పట్టుకుని ముక్కు దింపితే చక్రం ఎటు తిరిగి ఉందో విమానం అటే పోతుంది. ముక్కు దింపే క్షణానికి పెడళ్లు మధ్యకి దగ్గరగా రావాలి. సెస్నా నుంచి పైపర్‌కి మారినవాళ్లు చాలామంది ఇక్కడే ఉలిక్కిపడతారు.


కుడిరెక్క:

పాతరడ్డర్ గారూ, వాణ్ణి అడిగాను. మీరన్నట్టే, యోక్ మధ్యకి తెచ్చేశాడట, బ్రేకులు వేయడం మీదే ధ్యాస ఉందట. ఎడమ పెడల్ ఎప్పుడు వదిలాడో కూడా గుర్తు లేదంటున్నాడు. కాళ్లూ చేతులూ ఆడలేదు అంటాడు. ఒక్క విషయం ఇంకా తేలలేదు, ఎగిరినప్పుడు గో అరౌండ్ (దిగడం మానేసి పవర్ పెట్టి మళ్లీ పైకి లేవడం) చేసి ఉంటే బతికిపోయేవాడా? అప్పటికే ఎడమ అంచుకి దగ్గరగా ఉన్నాడు మరి.


స్పానర్:

గో అరౌండ్ సంగతి పైలట్లు చెప్తారు, నేను మెయింటెనెన్స్ మనిషిని, హ్యాంగర్ వైపు నుంచి రెండు ముక్కలు.

ప్రొపెల్లర్ నేలకి తగిలింది అన్నారు. బ్లేడ్లు మార్చి ఎగిరిపోవడం కుదరదు. ఇంజిన్ తిరుగుతుండగా బ్లేడ్ ఆగినా వంగినా ఆ దెబ్బ క్రాంక్‌షాఫ్ట్‌కి, దాని వెనక ఉన్న గేరుకి, ఆ గేరు పట్టి ఉంచే బోల్టుకి పోతుంది. లైకమింగ్ ఇంజిన్లకి దీనిమీద తప్పనిసరి ఆదేశమే ఉంది, విప్పి చూడాల్సిందే. బయటికి ఏమీ కనిపించకపోయినా సరే. ఇంజిన్ విప్పడం, బ్లేడ్లు, ముక్కు చక్రం, ఎడమ రెక్క కొస, ఇవన్నీ ఒక ఎత్తు. కింద ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు గోడ) ఒక ఎత్తు. 172లో ముక్కు గేర్ ఫైర్‌వాల్‌కే కట్టి ఉంటుంది, గట్టిగా ముక్కు మీద కూర్చుంటే ఆ రేకు ముడత పడుతుంది. టార్చ్ వేసి చూస్తే రివెట్ల వరుస మధ్యలో అల కనిపిస్తుంది. పాత ట్రైనింగ్ విమానం ఏది చూసినా నేను ముందు చూసేది అక్కడే. దాని చరిత్ర అంతా అక్కడ రాసి ఉంటుంది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మీ స్కూల్లో దీన్ని "ఇన్సిడెంట్" అంటున్నారా "యాక్సిడెంట్" అంటున్నారా అన్నది ఆ ముడత మీద ఆధారపడి ఉంటుంది. ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) అనెక్స్ 13 ప్రకారం ఒక్క ఇంజిన్‌కో, ప్రొపెల్లర్‌కో, రెక్క కొసకో, టైర్లకో, బ్రేకులకో పరిమితమైన దెబ్బ యాక్సిడెంట్ కిందకి రాదు. నిర్మాణం బలం తగ్గేలా దెబ్బ తగిలి పెద్ద రిపేరు అవసరమైతే వస్తుంది. ఫైర్‌వాల్ నిర్మాణంలో భాగమే. అదే అనెక్స్ ఇంకో మాట కూడా అంటుంది: దర్యాప్తు ఉద్దేశం మళ్లీ జరగకుండా చూడటమే, ఎవరిమీదో తప్పు మోపడం కాదు. మీ క్యాంటీన్‌లో "పైలట్ ఎర్రర్" అని తీర్పులు ఇచ్చేవాళ్లకి ఇది వినిపించండి.

మీ స్నేహితుడికి ఒక సలహా. జ్ఞాపకం తాజాగా ఉన్నప్పుడే తను చూసింది, చేసింది వరుసగా కాగితం మీద రాసుకోమనండి. గుర్తు లేనిచోట గుర్తు లేదు అనే రాయమనండి. ఎస్‌డీ కార్డులో వేగం, ముక్కు ఎటు ఉందో, పక్కకి పడ్డ బలం అన్నీ ఉంటాయి కానీ 172లో యోక్ ఎంత తిప్పాడో రికార్డు కాదు. అది తను చెప్తేనే తెలుస్తుంది.


పాతరడ్డర్:

గో అరౌండ్ గురించి. మొదటిసారి ఎగిరినప్పుడు చేసి ఉంటే, అవును, చాలావరకు బయటపడేవాడే. వేగం ఉంది, ఎత్తు కొంచెం ఉంది, రన్‌వే ఉంది. అంతకన్నా మంచి చోటు ఇంకొకటి ఉంది, టవర్ "గస్ట్ 22" అన్న క్షణం. ఆ అంకె వినగానే సోలో లిమిట్ 8 గుర్తొచ్చి పవర్ పెట్టేసి ఉంటే మనం ఇప్పుడు ఈ చర్చ చేసేవాళ్లం కాదు.

అయితే గో అరౌండ్‌లోనూ ఒక మెలిక ఉంది, దాన్ని ఎవరూ సరిగ్గా చెప్పరు. ఈ ఇంజిన్లు కాక్‌పిట్‌లోంచి చూస్తే సవ్యంగా తిరుగుతాయి, తక్కువ వేగంలో ఫుల్ పవర్ పెట్టగానే ముక్కు ఎడమకి లాగుతుంది. కుడి రడ్డర్ గట్టిగా కావాలి. మీవాడు ఫ్లేర్ నుంచి ఎడమ పెడల్ తొక్కి ఉన్నాడు, అంచు కూడా ఎడమవైపే దగ్గర. పవర్ పెట్టి కాలు మార్చకపోతే ఎడమ గడ్డిలోకి వెళ్లిపోయేవాడు. కాబట్టి పవర్, కుడి కాలు, రెండూ ఒకే కదలికలా రావాలి. ఆ తర్వాత ఫ్లాప్స్ 20కి, 60 నాట్లు వచ్చి ఎక్కడం మొదలయ్యాక మిగతావి మెల్లగా. మొత్తం ఫ్లాప్స్ ఒక్కసారి ఎత్తేస్తే మళ్లీ కిందకి కూర్చుంటుంది. టేకాఫ్‌లో గాలి ఎడమ నుంచి ఉంటే మాత్రం ఇంజిన్ లాగేదీ గాలి తిప్పేదీ రెండూ ఎడమకే, అప్పుడు ఇంకా జాగ్రత్త.

"ఎక్కడో ఒకచోట దిగాలి కదా" అని ముందు అడిగారు, దానికి జవాబు ఇవ్వలేదు నేను. టవర్‌కి చెప్పండి: స్టూడెంట్ సోలో, గాలి నా లిమిట్ దాటింది, ఇంకో రన్‌వే కావాలి. ఈ ఒక్క వాక్యం చాలు. వేరే రన్‌వే ఉంటే ఇస్తారు, లేకపోతే ఇన్‌స్ట్రక్టర్‌ని రేడియో మీదకి పిలుస్తారు. ట్యాంకులో గంటల పెట్రోలు ఉంది, గస్ట్‌లు తగ్గేదాకా పైన తిరగొచ్చు, గాలికి ఎదురుగా రన్‌వే ఉన్న పక్క ఎయిర్‌ఫీల్డ్‌కి వెళ్లొచ్చు. అడగడానికి మొహమాటపడి దిగిపోయినవాళ్లనే నేను ఎక్కువ చూశాను. స్టూడెంట్ అన్న మాట రేడియోలో చెప్పుకోవడం నామోషీ అనుకుంటారు. టవర్‌లో ఉన్నవాళ్లకి ఆ ఒక్క మాట వింటే ఎంత సాయం చేయాలో తెలుస్తుంది.


కుడిసీటు:

ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్‌ని. "వాడికి రాదు కాబట్టి పోయింది" అనేవాళ్లకోసం ఈ రెండు.

2008 మార్చి 1న హాంబర్గ్‌లో లుఫ్తాన్సా ఎయిర్‌బస్ ఏ320, తుఫాను గాలిలో ల్యాండింగ్. గాలి కుడి నుంచి, ఎడమ రెక్క కొస రన్‌వేకి రాసుకుంది. మీవాడిది ఏ రెక్కో చూసుకోండి. వాళ్లు వెంటనే గో అరౌండ్ చేశారు, వేరే రన్‌వే తీసుకుని దిగారు, ఎవరికీ ఏమీ కాలేదు. మొదటి ప్రయత్నంలోనే ఆ వేరే రన్‌వే తీసుకుని ఉంటే అని తర్వాత చాలామంది అన్నారనుకోండి, అది వేరే కథ.

అదే సంవత్సరం డిసెంబర్ 20న డెన్వర్‌లో కాంటినెంటల్ 1404, బోయింగ్ 737, ఇది టేకాఫ్. రన్‌వే 34 రైట్, గాలి పడమర నుంచి, అంటే ఎడమ నుంచి. గస్ట్ 45 నాట్ల దాకా వచ్చింది. విమానం గాలి వైపుకే, ఎడమకే, తిరిగి రన్‌వే దాటిపోయింది, మంటలు కూడా వచ్చాయి, అయినా అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. దర్యాప్తులో ఎన్‌టీఎస్‌బీ (అమెరికా రవాణా ప్రమాదాల దర్యాప్తు సంస్థ) ప్రధాన కారణంగా చెప్పింది ఏంటంటే, కావలసిన కుడి రడ్డర్‌ని కెప్టెన్ మధ్యలో వదిలేయడం. వేల గంటలు ఎగిరిన మనిషి. పాదం కొన్ని సెకన్ల పాటు ఆగింది, అంతే. అదే రిపోర్టు టవర్ దగ్గర ఉన్న ఎక్కువ గాలి అంకె పైలట్లకి చేరలేదని కూడా రాసింది. కాబట్టి మీ స్కూల్లో కూడా ఆ రోజు డిస్పాచ్ దగ్గర ఎవరు కూర్చున్నారు, గాలి తిరుగుతోందని ఎవరికి తెలుసు, సోలో వాణ్ణి వెనక్కి పిలవాలని ఎవరికి తట్టలేదు అన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే. నేను తప్పు ఎవరిదో అనట్లేదు, ఒక్క పాదం మీదే అంతా తోసేయకండి అంటున్నాను.

మీ స్నేహితుడు మళ్లీ ఎగురుతున్నాడా?


కుడిరెక్క:

ఇప్పటికైతే లేదు. ఎక్కనంటున్నాడు, హాస్టల్ రూమ్ దాటి బయటికి రావడం లేదు. నేను ఈ థ్రెడ్ మొత్తం వాడికి చూపించాను, వీల్‌బారో గురించి చదివి "అంటే నేను ఎగిరినప్పుడు తోయకుండా ఉంటే చాలా" అని అడిగాడు. అడిగాడు అంటే ఎక్కడో ఇంట్రెస్ట్ ఉన్నట్టే కదా. నా సోలో సంగతి, ఇన్‌స్ట్రక్టర్‌తో మాట్లాడాను, గాలి ఉన్న రోజున ముందు ఆయనతో డ్యూయల్ (ఇద్దరం కలిసి ఎగరడం) చేసి తర్వాతే పంపమని అడిగాను, ఒప్పుకున్నారు. ఆ డ్యూయల్‌లో ముఖ్యంగా ఏం చేయమని అడగాలి? ల్యాండింగ్‌ల మీద ల్యాండింగ్‌లు చేస్తే సరిపోతుందా?


పాతరడ్డర్:

ల్యాండింగ్‌ల కన్నా ముందు ఒకటి అడగండి. అయిదడుగుల ఎత్తులో, కొంచెం పవర్ పెట్టుకుని, చక్రాలు తగలనివ్వకుండా రన్‌వే పొడవునా సెంటర్‌లైన్ మీదే వెళ్లడం. ఒక రెక్క వంచి, ఎదురు రడ్డర్ పట్టి. చివర్లో గో అరౌండ్. మొదట్లో విమానం లైన్‌కి అటూ ఇటూ ఈదులాడుతుంది, కొంతసేపటికి రెండు చేతులకీ రెండు కాళ్లకీ వేరువేరు పనులు అప్పచెప్పడం అలవాటవుతుంది: ఎయిలెరాన్ పక్కకి జరగకుండా చూస్తుంది, రడ్డర్ ముక్కు నేరుగా ఉంచుతుంది. మామూలు ల్యాండింగ్‌లో ఆ సాధనకి మీకు దొరికేది కొన్ని సెకన్లే, ఇక్కడ రన్‌వే అంత పొడవు దొరుకుతుంది. ఇది మాత్రం ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండగానే, టవర్‌కి చెప్పే చేయాలి.

ఆ తర్వాత ల్యాండింగ్‌లు. టచ్ అండ్ గోలు వద్దు, ఫుల్ స్టాప్ చేయండి. టచ్ అండ్ గోలో వేగం తగ్గే భాగం ఉండనే ఉండదు, చక్రం తగలగానే పవర్ పెట్టేస్తారు. మీవాడు దెబ్బ తిన్నది సరిగ్గా ఆ భాగంలోనే, బహుశా అది ఎప్పుడూ పెద్దగా సాధన చేసి ఉండడు. గాలి వైపు చక్రం ముందు, రెండోది తర్వాత, ముక్కు దానంతట అది దిగేదాకా యోక్ వెనక్కే. టాక్సీవే మీదకి తిరిగాక కూడా గాలి ఎటు ఉందో చూసి ఎయిలెరాన్ పెట్టండి, ఎదురుగాలి అయితే గాలి వైపుకి, వెనక నుంచి గాలి అయితే గాలికి అవతలి వైపుకి.

మీ స్నేహితుణ్ణి కూడా ఆ డ్యూయల్‌కి తీసుకురండి, వెనక సీట్లో కూర్చోబెట్టండి. మీ ఇన్‌స్ట్రక్టర్, స్కూలు ఒప్పుకుంటేనే. ఏమీ చేయక్కర్లేదు, మీ కాళ్లు చూస్తే చాలు.


మూడోచక్రం:

వెనక సీటు ఐడియా బాగుంది. బరువు, బ్యాలెన్స్ లెక్క మళ్లీ వేసుకోండి, వెనక మనిషి ఉంటే ఫ్లేర్‌లో యోక్ తేలిగ్గా వస్తుంది, అలవాటు లేకపోతే మొదటిసారి ఎక్కువ లాగేస్తారు.


కుడిరెక్క:

సరే, రేపు లెక్క వేసి ఇన్‌స్ట్రక్టర్‌కి చూపిస్తాను. వాణ్ణి అడిగాను, వెనక సీటు అయితే వస్తా అన్నాడు.